ఇండ్ల మరమ్మతు - ఒక జీవనోపాధి



స్త్రీలకు తగిన గృహపరిశ్రమలని పత్రికలయందు వ్రాయువారు కుట్టుపని, అల్లికలు, అప్పడములు, ఊరగాయలు మున్నగువానినే తిరిగి తిరిగి చెప్పుచుందురు. అవి మంచివి కావని మా యభిప్రాయము గాదు. అయితే ఒక వీధిలో నలువురు కుట్టుమిషను పెట్టుకొనినచో రవికె కుట్టించుకొనువా రెవ్వరు? మేమిప్పుడు చెప్పదలచినది ఆ కోవలోనిది గాదు. కారుచున్న కుళాయి, బందు ఊడిన తలుపు, పట్టని గడియ, చినుకు దిగు పెంకుటికప్పు, గోడకు నిలువని మేకు - ఇట్టి చిన్న చిన్న పనులను చేసిపెట్టుటయే ఒక వృత్తిగా నేర్పరచుకొనుటను గూర్చి వ్రాయుచున్నాము.

ఇంగ్లీషువారు ఇట్టి పనివానిని హ్యాండీమ్యాన్ అందురు. తెలుగున దీనికి ఒక్క మాట లేదు. వడ్రంగి వేరు, తాపీమేస్త్రి వేరు, కుళాయి పనివాడు వేరు. మాట లేకపోవుటకు కారణము వెదుకగా మాకు తోచిన దిది. పూర్వము గ్రామమునకు ఆయగాండ్రుండెడివారు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలగువారు పన్నెండుగురని లెక్క. వీరికి పనివెంట పైకము లేదు. కళ్లమునూర్చినపుడు ధాన్యములో ఇంత భాగమని ముట్టెడిది. నాగలి విరిగినను, తలుపు క్రుంగినను వడ్రంగి వచ్చి చూడవలసినదే. ఆ యేర్పాటులో కులముకట్టడి యుండెను, ఎక్కువతక్కువ లుండెను, పనివాడు మరియొక యూరికి పోదలచినను పోలేని నిర్బంధమును ఉండెను. దానిని మరల తెమ్మని మేము కోరుట లేదు. కాని ఇల్లాలికి ఒక్క సౌకర్యము మాత్రము దానితో పోయినది. ఇల్లు చెడినపుడు పిలువదగినవాడెవ్వడో ఆనాడు ఆమెకు తెలిసియుండెను. ఈనాడు తెలియదు.

మా పూండి వజ్రపుకొత్తూరు మండలములో, హౌరా-చెన్నై రైలుమార్గముపై, పలాసకును నౌపడాకును నడుమనున్న చిన్న స్టేషను. తూర్పున సముద్రము, నలుదిక్కుల జీడితోటలు, కొబ్బరితోటలు. ఉద్దానమను పేరే ఉద్యానమునుండి వచ్చినదని పెద్దలందురు. చూచుటకు ఉద్యానమే గాని, ఇండ్లకు మాత్రము ఈ గాలి పగ. దగ్గరనే నౌపడాలో ఉప్పుమళ్లు సాగుచున్నవన్న గాలిలో ఉప్పెంత గలదో వేరుగ చెప్పనేల? పట్టణమున పదేండ్లు నిలుచు ఇనుపబందు ఇచట నాలుగేండ్లకే త్రుప్పుపట్టి బిగుసుకొనును. శ్లాబులోని ఇనుపకడ్డీకి ఉప్పుగాలి సోకినచో కడ్డీ త్రుప్పు పట్టును. త్రుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక లోపలినుండి నెట్టి సిమెంటును పెచ్చులుగా రాల్చును. పిల్లలు పండుకొను చోట పైనుండి పెచ్చు పడినదన్న వార్త మా వీధులలో అరుదు కాదు. అట్టి చోట పైపూతగా సున్నము వేసి మరుగుపరచుట కూడదు. వదులైన భాగమును పూర్తిగా గొట్టివేసి, కడ్డీని తీగె బురుసుతో గీకి, త్రుప్పునాపు పూత వేసి, అటుపిమ్మట సిమెంటు మెత్తవలెను. కడ్డీ మిక్కిలి సన్నగిలినచో అది చిల్లర మరమ్మతు గాదు, ఇంజనీరును పిలువవలసినదే.

ఇక తుపానులు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. ఈ మూడును అక్టోబరు నెలలోనే వచ్చినవి. ఫైలిన్ గోపాలపురము వద్దను, హుద్‌హుద్ విశాఖపట్టణము వద్దను తీరము దాటగా, తిత్లీ మాత్రము 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున మా పలాస చేరువనే, గంటకు 140-150 కిలోమీటర్ల వేగముగల గాలితో నేలకెక్కినది. కొబ్బరిచెట్లు వరుసలుగా కూలినవి. రేకులు ఆకులవలె ఎగిరినవి. ఆ దినములలో రేకునకు రెండు కొక్కెపు బోల్టులు బిగించువాడు దొరుకక, ఇల్లాండ్రు తాటిపట్టలు కప్పుకొని వానలో రాత్రులు గడపిరి. పనివాండ్రు లేకపోలేదు. ఉద్దానపు పడుచువాండ్రలో తాపీపనియు, పైపుల పనియు, వెల్డింగును నేర్చినవారు ఎందరో కలరు. అయితే వారు చెన్నైలోను, ముంబయిలోను, సముద్రముల కావలను ఇతరుల ఇండ్లు గట్టుచుండిరి. మన యూరి నేర్పు మన యూర లేదు. మేము ఈ వ్యాసమును వ్రాయబూనుటకు ఇది యొక ముఖ్యకారణము.

రెండవ కారణము నీరు. ఈ ప్రాంతమున మూత్రపిండముల వ్యాధి యెన్ని ఇండ్లను గుల్లచేసెనో చదువరులెరుగుదురు. దానికి మూలమిదియని వైద్యశాస్త్రము ఇంకను ఇదమిత్థముగా తేల్చలేదు. హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని గొట్టముల ద్వారా ఉద్దానపు గ్రామములకు తెచ్చు పథకము 2023 డిసెంబరులో ప్రారంభమైనది. నూతిచేదకు మరమ్మతు లేదు, త్రాడు మార్చిన చాలును. కుళాయి అట్టిది గాదు. అది వచ్చిన యింటికి వాషరు, పిడి, కీలు, గొట్టపుటతుకు వెంటవచ్చును. క్షణమునకొక బొట్టు కారు కుళాయిని మేము లెక్కించి చూచితిమి. దినమునకు 86,400 బొట్లు. మిల్లీలీటరునకు ఇరువది బొట్లనుకొనినను నాలుగు లీటర్లకు పైబడును. నెలకు నూటముప్పది లీటర్లు. ఎన్నో ప్రాణములు పోయిన పిమ్మట వచ్చిన నీరు పదిరూపాయల వాషరు లేక మోరీలో పోవుచున్నది.

మా యెరుకలోని ఒక యిల్లాలి సంగతి ఇచట చెప్పవలసియున్నది. పేరు చెప్పము, ఆమె చెప్పవలదన్నది. భర్త పదునాలుగేండ్లు చెన్నైలో పెద్ద భవనములకు నీటిగొట్టములు బిగించినవాడు. నెలకు పండ్రెండు వేలు ఇంటికి పంపెడివాడు. గత సంవత్సరము సంక్రాంతికి వచ్చినపుడు రక్తపరీక్షలో క్రియాటినిన్ హద్దు మించినదని తేలినది. ఎండలో బరువుపని మానవలెననియు, ఒళ్లునొప్పుల మాత్రలు తనంత తాను కొని మ్రింగరాదనియు, మూడు నెలల కొకమారు పరీక్షకు రావలెననియు వైద్యులు చెప్పిరి. ఆయన మరల బయలుదేరుటకే పెట్టె సర్దుకొనెను.

"రెండేళ్లు ఎల్లొస్తే గుంటడి సదువు ఒడ్డెక్కిపోద్ది," అని ఆయన.

"ముందు నువ్వు ఒడ్డెక్కాలి గదా," అని ఆమె.

ఈ మాటలు మా యరుగుమీదనే జరిగినవి, ఏలయన మా వారిచేత భర్తకు బుద్ధి చెప్పించుటకై ఆమె యాయనను వెంటబెట్టుకొని వచ్చెను. మా వారు ఉపాధ్యాయులు గనుక బుద్ధి చెప్పుటకు మొదలిడిరి. మేమాపి, "అమ్మాయీ, ఆయన ఇచట నుండినచో ఏమి పని చేయగలడో చెప్పుము, అది తేలకుండ ఉండుమన్న ఎట్లుండును?" అని యడిగితిమి. అపుడే ఆమె మా పెరటి కుళాయిని చూపినది. అది నెల దినములుగా కారుచున్నది. పలాసనుండి మనిషిని పిలిచితిమి, రాలేదు. ఆయన లేచి, ఇంటికి పోయి పానా తెచ్చి, పదినిమిషములలో దానిని కట్టిపెట్టెను. ఆ దినమంతయు ఆ దంపతులు వీధి వీధి తిరిగి, ఏ యింట ఏమి చెడియున్నదో లెక్కవ్రాసికొనిరి. నలుబది యిండ్లలో ముప్పదియొక్క యింట ఏదో యొకటి చెడి, పిలువదగినవాడు లేక అట్లే పడియున్నది.

ఆమె పెట్టుబడి లెక్కను మేము చూచి యున్నాము గనుక చెప్పగలము. డ్రిల్లింగు యంత్రమునకు 2,400 రూపాయలు. పైపు పానాలు, ఇతర పానాలు 1,350. సుత్తి, ఉలులు, రంపము, చిత్రిక ఒక వృద్ధ వడ్రంగివద్ద పాతవి 900. స్క్రూడ్రైవర్లు, టెస్టరు, కటింగు ప్లేరు 650. అల్యూమినియపు నిచ్చెన 3,200. వాషర్లు, టేపు, స్క్రూలు, బందులు మున్నగు చిల్లర సామాను 2,500. వెరసి 11,000. ఇందులో పదివేలు ఆమె స్వయంసహాయక సంఘమునుండి అప్పు తీసికొన్నది. నిచ్చెనకు అంత యేలయని భర్త గొణిగెను. ఇనుపనిచ్చెన అగ్గువయే గాని, ఈ యుప్పుగాలికి మెట్టు ఎప్పుడు విరుగునో తెలియదు. అదిగాక కరెంటు తీగెల చెంత లోహపు నిచ్చెన అల్యూమినియమైనను ప్రాణాపాయమే. అందుచే తీగెల దాపున పనికి మాత్రము వెదురునిచ్చెనను ఒకదానిని వేరుగ నుంచిరి.

చదువరులు గమనింపదగిన దేమనగా, ఈ వృత్తిలో చేతిపని సగము, మిగిలినది లెక్కయు మాటయును. ఆ భాగము ఆ యిల్లాలిది. ఫోను ఆమె చేతిలో నుండును. పిలిచినవారి యిల్లెచట, చెడిన దేమి, ఎన్నాళ్లనుండి, కొళాయి గోడలోనిదా పైనిదా యని యామె అడిగి వ్రాసికొనును. అడుగక బయలుదేరినచో సామానుకై తిరిగి రావలసివచ్చును, పెట్రోలు దండుగ. సామానుల పెట్టెలో ఏది తరిగినదో వారమున కొకసారి చూచి, పలాసలో కొని తెప్పించును. సామాను వెల బిల్లు ప్రకారము, కూలి వేరు. ఈ రెండింటిని కలిపి ఒక మొత్తము చెప్పు నలవాటు మనవైపు మేస్త్రీలలో కలదు, అదియే తగవులకు మూలము.

మొదటి నెలలో పదునాలుగు పిలుపులు వచ్చినవి. అందులో అయిదు చుట్టములవి. చుట్టములవద్ద డబ్బెట్లు పుచ్చుకొందుము? ఒక మేనమామ వాకిట నిలిచి, "ఒరే అల్లుడూ, రెండు సీలలు కొట్టినందుకు మావ దగ్గర కూడా డబ్బులేటిరా?" యని నలుగురిలో నవ్వెను. అల్లుడు తలవంచుకొని వచ్చెను. ఆ నెల చేతికి వచ్చిన కూలి 2,350 రూపాయలు. చిల్లరవృత్తి పెట్టినవారిలో పెక్కుమంది ఇచటనే కూలబడుదురని మా నమ్మకము. పని రాక గాదు, చేసిన పనికి అడుగలేక.

ఆ యిల్లాలు చేసిన దేమనగా, మాచేత ఒక పలకపై పెద్ద యక్షరములతో వ్రాయించి గుమ్మమునకు వ్రేలాడదీసినది. "వచ్చి చూచుటకు 100 రూపాయలు. పని చేయించుకొన్నచో ఆ నూరు కూలిలో కలియును. పొరుగూరికి 150. పలాసకు 200." అందు చుట్టములకు వేరు ధర వ్రాయలేదు. మేనమామ మరల పిలిచినపుడు ఆమెయే ఫోనులో, "మావా, నీ దగ్గర తీసుకోకపోతే నువ్వు మళ్లీ పిలవడానికి మొగమాటపడతావు. నువ్వు పిలవకపోతే మాకేటి?" అనెనట. ఆయన ఇచ్చెను. కొంచెము కోపముతోనే ఇచ్చెననియు, తరువాత మూడు నెలలు మాటాడలేదనియు కూడ చెప్పవలెను. వెల ముందుగా వ్రాసిపెట్టుట యనునది వ్యాపారమర్యాద మాత్రమే గాదు. అడుగువానికి నోరు, ఇచ్చువానికి గౌరవము అది యిచ్చుచున్నది.

ఇక మనయిండ్ల వైపునుండి చూతము. భర్త దూరదేశమున, ఇంట అత్తగారును పసిబిడ్డలును. అట్టి యింటికి పరిచయము లేని మగవానిని లోనికి రానిచ్చుట యెట్లు? ఈ సందేహము చిన్నది గాదు. మాకు భారతములోని లక్కయిల్లు జ్ఞప్తికి వచ్చినది. పాండవులు వారణావతమున నున్నపుడు విదురుడు ఒక ఖనకుని, అనగా త్రవ్వుపనివానిని పంపెను. వాడు లోనికి వచ్చి మొదట చేసినది త్రవ్వుట గాదు. విదురుడును ధర్మరాజును మాత్రమే యెరిగిన గురుతుమాటను చెప్పి తాను విదురుని మనిషినని రుజువు పరచుకొనుట. ఆ పిమ్మటనే బిలము త్రవ్వెను, అయిదుగురన్నదమ్ములును తల్లియు ప్రాణములతో బయటపడిరి. భారతము వాని పేరైన చెప్పదు, చూచితిరా!

నేటికిని ఆ గురుతుమాట కావలెను. నగరములలో 2014లో అర్బన్ క్లాప్ అను పేర ఆరంభమై 2020లో అర్బన్ కంపెనీగా పేరు మార్చుకొన్న సంస్థవంటివి పనివాని ఛాయాచిత్రమును, పేరును, వెనుకటివారి మెప్పును ఫోనులో ముందుగా చూపుచున్నవి. పల్లెలో అంత యక్కరలేదు. ఫోను చేసిన యింటి యిల్లాలికి బదులు చెప్పునది మరియొక యిల్లాలే యగుట, "మావారు, మా చెల్లెలి కొడుకు వచ్చుచున్నారు, పదిగంటల కెల్ల వత్తురు" అని యామె చెప్పుట, చెప్పిన వేళకే వారు వచ్చుట, ఇంతయే చాలును. కొన్ని యిండ్లకు మొదటిసారి ఆమెయు వెంటబోవును. భర్తతో పోయి పోయి చూచుటచేత కుళాయి వాషరు మార్చుట, గడియ బిగించుట, తలుపుబందు సరిచేయుట ఇప్పుడు ఆమెకే వచ్చినవి. పగటిపూట ఆడువారు మాత్రమే యుండు ఇండ్లనుండి, "మీరే రండమ్మా" యని పిలుచుచున్నారు.

ఆడుది పానా పట్టుట యేమి యని ముక్కుపై వ్రేలు వేసికొనువారికి ఒక్క మాట. ఝార్ఖండు రాష్ట్రమున స్వచ్ఛభారత ఉద్యమకాలమున మరుగుదొడ్లు కట్టుటకు మేస్త్రీలు చాలక, పల్లెపడుచులు వేలకొలదిగా తాపీపని నేర్చిరి. వారిని రాణీమిస్త్రీలని పిలిచిరి. మనవైపు ఇండ్లు కట్టుచోట ఇటుకయు సున్నమును మోయు కూలీలు ఆడువారే. తలపై మోయవచ్చును గాని చేత తాపీ పట్టరాదనుట యేమి న్యాయమో మాకు బోధపడదు. మోతకూలి తక్కువ, మేస్త్రి కూలి ఎక్కువ. ఆ నియమమునకు మూల మచట గలదేమో.

కరెంటుపని సంగతి వేరు. దీనిలో దాక్షిణ్యము పనికిరాదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నియమముల ప్రకారము బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి వంటివి ఉన్నవానికి బదులు అట్టివే మార్చుటకు మినహాయింపు గలదు. క్రొత్తగా తీగె లాగుట, సాకెట్టు పెంచుట, మీటరు చెంత చేయిపెట్టుట మున్నగునవి లైసెన్సుగల కాంట్రాక్టరు చేతిమీదుగ, పర్మిటు పొందిన పనివాడే చేయవలెను. ఒకనాడు పొరుగూరిలో ఒక గృహస్థు పంపుమోటారునకు క్రొత్తతీగె లాగుమని పట్టుబట్టెను. ఆయన తన కా పర్మిటు లేదని చెప్పి నిరాకరించి, పర్మిటుగలవాని నంబరు వ్రాసియిచ్చి వచ్చెను. గృహస్థు నూరు రూపాయలును ఇయ్యలేదు. పోనిండు. ఇంటింట ఎర్తింగు సరిగా నున్నదో లేదో, 30 మిల్లియాంపియర్ల లీకునకే విద్యుత్తు నాపివేయు పరికరము మెయినువద్ద గలదో లేదో పర్మిటుగలవానిచేత ఒకమారు చూపించుకొనుట ప్రతి యిల్లాలి విధి. తడిచేతులతో పనిచేయువారము మనమే గదా.

అట్లే మరుగుదొడ్డి గుంటలోనికి మనిషిని దింపుట. 2013 నాటి చట్టము రక్షణలేని అట్టి పనిని నిషేధించినది; అందలి విషవాయువునకు క్షణములలో ప్రాణములు పోవును. ఎంత యెక్కువ కూలి యిత్తుమన్నను ఈ పని తీసికొనరాదు, తీసికొనుమని మనము అడుగరాదు. యంత్రముగల బండిని పిలిపింపవలెను.

పెట్టుబడికై సర్కారు నుండి వచ్చునవి రెండు మూడు తెలిసికొనదగినవి. 2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతినాడు, ప్రధానమంత్రి విశ్వకర్మ పథకము ఆరంభమైనది. అందు పదునెనిమిది చేతివృత్తులు చేర్చబడినవి. వడ్రంగి, కమ్మరి, తాపీమేస్త్రి, తాళములు చేయువాడు, పడవలు చేయువాడు, కొబ్బరిపీచు నేతపనివారు, చేపలవలలు అల్లువారు అందు గలరు. కుళాయిపనియు కరెంటుపనియు ఆ పట్టికలో లేవు. దీనిని తెలియక మా యిల్లాలు "పైపుల పని" యని దరఖాస్తు వ్రాయబోవగా మేమాపితిమి. ఆమె చెల్లెలి కొడుకు వంశపారంపర్యముగ వడ్రంగము చేయువాడు గనుక వాని పేర వ్రాయించితిమి. శిక్షణకాలమున దినమునకు 500 రూపాయల భత్యము, పనిముట్లకు 15,000 రూపాయల వరకు వోచరు, తరువాత అయిదు శాతము వడ్డీకి మొదట లక్ష, అది తీర్చిన పిమ్మట రెండు లక్షల వరకు అప్పు, ఇవి ఆ పథకములోని ప్రయోజనములు. కుటుంబమునకు ఒక్కరే అర్హులు. పట్టికలో లేని పనికైన ముద్రా ఋణము కలదు. 2015 నుండి ఇచ్చుచున్న దానిలో శిశు అను తరగతి యేబదివేల వరకు, తాకట్టు లేకయే. ఉద్యమ్ నమోదు ఆధారు సంఖ్యతో ఉచితముగా చేసికొనవచ్చును, కాన దానికై దళారికి పైక మియ్యవలసిన పని లేదు. సంవత్సరమునకు ఇరువది లక్షల లోపు రాబడిగల ఇట్టి సేవావృత్తికి జి.ఎస్.టి. నమోదు కూడ అక్కరలేదు. ఆ భయము మా యిల్లాలికి చాల దినము లుండెను. ఇరువది లక్షలని విని నవ్వినది.

అప్పు దొరకును గదాయని లక్ష తెచ్చి దుకాణము పెట్టుట మాత్రము మాకు సమ్మతము గాదు. ఈ వృత్తికి దుకాణము వలదు. గోడకు తగిలించిన సంచి, గుమ్మమునకు వ్రేలాడు పలక, బదులు పలుకు ఫోను చాలును. ఆరునెలల లెక్క చూచుకొని, ఏ పని యెక్కువ వచ్చుచున్నదో తెలిసికొని, దానికి తగిన పనిముట్టును కొనవలెను.

ఇప్పుడు రాబడి. గత అక్టోబరులో తుపాను భయముచే రేకులు, పెంకులు, కిటికీరెక్కలు చూపించుకొనువారు పెరిగి ముప్పదియొక్క పిలుపులు వచ్చినవి. కూలి 11,200 రూపాయలు. అందులో పెట్రోలు 1,500, కుర్రవానికి 3,000, విరిగిన పనిముట్లు, రాని బాకీలు 700 పోగా మిగిలినవి 6,000. అదియే వారికి అన్నింటికంటె మంచి నెల. చెన్నైనుండి వచ్చిన పండ్రెండు వేలలో సగము. దీనిని దాచి పొగడుట మాకు చేతగాదు. కొడుకు చదువునకు ఆమె కుట్టుపని కూడ రాత్రులు చేయుచున్నది. సంఘపు అప్పు ఇంకను నాలుగు వాయిదాలు గలదు. వేసవిలో పనులు తగ్గి ఒక నెల మూడువేలకు దిగినది. మరల చెన్నై మాట వచ్చినది కూడ. మేమడుగగా ఆమె, "డబ్బు సగమే మాష్టారమ్మగారూ, మనిసి నిండుగా ఉన్నాడు," అన్నది. ఆయన మూడు నెలల పరీక్షను ఇంతవరకు ఒకటియు తప్పలేదు. ఎండపొద్దున పని పెట్టుకొనడు, ఉదయము పదింటిలోపల, సాయంత్రము నాలుగింటి పిమ్మట మాత్రమే పోవును. వ్యాధి తగ్గినదని చెప్పుటకు లేదు. కొలత మాత్రము పెరుగక నిలిచియున్నదని వైద్యులు చెప్పిరట.

వేసవి కొరతకు వారిప్పుడొక యుపాయము చేసినారు. సంవత్సరపు ఒప్పందము. ఏడాదికి ఇంటికి 600 రూపాయలు. నాలుగుసార్లు వచ్చి ఇల్లంతయు చూచి, చిన్న బిగింపులు చేసి, పెద్దవి యేవి రానున్నవో చెప్పిపోవుదురు. సామాను వెల వేరు. మొదటి రాక వేసవి ముగియు వేళ, కప్పును కాలువలను చూచుటకు. రెండవది వినాయకచవితి పిమ్మట, అక్టోబరు గాలులకు ముందు, రేకుల బోల్టులు, కిటికీ కొక్కెములు, చెట్టుకొమ్మలు ఇంటిపై వ్రాలుచున్నవా యను సంగతి చూచుటకు. మూడవది కార్తికమున, గాలివానలు వెలిసిన తరువాత. నాలుగవది సంక్రాంతికి ముందు, తలుపులు గడియలు కుళాయిలు. మీటరు, బావిమోటారు, మరుగుదొడ్డి గుంట ఈ యొప్పందములో చేరవని కాగితముపై స్పష్టముగా వ్రాసినారు. ఇంతవరకు ఇరువదిరెండు ఇండ్లు చేరినవి. సగము పైకము జీడిపిక్కల కాలము ముగియగనే, తక్కిన సగము సంక్రాంతికి ముందు. ఇద్దరు రైతులు పైకమునకు బదులు కొబ్బరికాయ లిత్తుమన్నారు. ఆనాటి బజారు ధర వేసి పుస్తకమున వ్రాసికొని పుచ్చుకొనుచున్నారు. మా యిల్లు ఆ పట్టికలో ఏడవది. వచ్చు వారము రెండవ రాక. పెరటివైపు రేకులలో ఒకదాని బోల్టు వదులైనదని మేము ముందే చెప్పి వ్రాయించియున్నాము.